ఎడ్వర్డ్ అంటే "సంపదకు కాపలాదారు" మాత్రమేనా?

మీ ప్రశ్న చదివాను. పుట్టిన బాబుకి మీ తాతగారి పేరు ఎడ్వర్డ్ అని పెట్టాలనుకుంటున్నారు. ఏ వెబ్‌సైటు తెరిచినా "సంపదకు కాపలాదారు" అని ఒకటే అర్థం కనిపిస్తోంది, అది మీ ఆవిడకు నచ్చలేదు. మీ మేనత్తగారు అది బైబిల్ పేరంటున్నారు. తెల్లదొరల పేరు ఇప్పుడెందుకని మీ బావగారు అంటున్నారు. వీళ్లలో ఎవరి మాట నిజమో, అసలు ఆ పేరు ఎక్కడిదో చెప్పమన్నారు.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు భాషా చరిత్ర పాఠం చెబుతాను. పాత ఇంగ్లీషు పేర్లంటే నాకు చాలా ఇష్టం. అందుకే జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మేనత్తగారి సంగతి. ఎడ్వర్డ్ అనే పేరు బైబిల్లో ఎక్కడా లేదు. మన క్రైస్తవ కుటుంబాల్లో వినిపించే యోహాను, దావీదు, సమూయేలు హీబ్రూ పేర్లు. పీటర్, ఫిలిప్ గ్రీకు నుంచి వచ్చాయి, పాల్ లాటిన్ నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ వీటిలో దేనికీ చెందదు. ఇంగ్లండులో స్థిరపడ్డ ఆంగ్లో-శాక్సన్ జనం తమ సొంత మాటలతో కట్టుకున్న పేరది. ఆ పేర్లు కట్టే పద్ధతి వాళ్లు క్రైస్తవులు కాకముందు నుంచీ ఉన్నదే. ఇంగ్లీషు పేర్లనగానే మనకు గుర్తొచ్చే విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ కంటే కూడా ఎడ్వర్డే అచ్చమైన ఇంగ్లీషు పేరు. ఆ నాలుగూ 1066లో ఇంగ్లండును జయించిన నార్మన్ల వెంట ఫ్రాన్సు నుంచి వచ్చి జనంలో పాతుకుపోయినవి. అయితే చర్చి దృష్టిలో ఎడ్వర్డ్ పరాయి పేరేమీ కాదు. ఆ పేరుతో పునీతులుగా పూజలందుకున్న రాజులు ఇద్దరున్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక అర్థం. వెబ్‌సైట్లు చెప్పింది తప్పు కాదు గానీ, అది సగమే. పాత ఇంగ్లీషులో ఈ పేరు రెండు ముక్కలు. మొదటిది ఇంచుమించు "ఎఆడ్" అని పలికే మాట, రెండోది "వెఆర్డ్".

"ఎఆడ్" అంటే సంపద, నిజమే. కానీ ఆ మాట డబ్బు దగ్గర ఆగదు. అదృష్టం, క్షేమం, సుఖం, దైవానుగ్రహం అన్నీ అందులో ఉన్నాయి. ఇందుకు నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది, మీ మేనత్తగారికి కూడా తప్పకుండా నచ్చుతుంది. సుమారు వెయ్యేళ్ల కిందట సువార్తలను పాత ఇంగ్లీషులోకి మార్చారు. మత్తయి 5వ అధ్యాయంలో కొండమీది ప్రసంగం ఉంది కదా, "ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు" అని. అక్కడ "ధన్యులు" అనే చోట ఆ అనువాదకులు వాడింది ఈ "ఎఆడ్" నుంచి పుట్టిన విశేషణాన్నే. ఆ వాక్యం మొదలయ్యేదే ఆ మాటతో.

ఇప్పుడు మన మాట చూడండి. ధన్యుడు అనే పదం ధనం నుంచి వచ్చింది. సంస్కృతంలో ధనం ఉన్నవాడు, భాగ్యవంతుడు, అనుగ్రహం పొందినవాడు అంటూ ఆ అర్థం పెరుగుతూ వచ్చింది. పాత ఇంగ్లీషులోనూ సరిగ్గా అదే దారి. కాబట్టి ఎడ్వర్డ్ లోని మొదటి ముక్కను "సంపద" అని రాసి వదిలేస్తే, ధన్యుడు అంటే డబ్బున్నవాడు అని చెప్పినట్టే ఉంటుంది. తెలుగులో నన్ను చెప్పమంటే సౌభాగ్యం అంటాను, లేదా క్షేమం అంటాను. ఇదే ముక్క ఎడ్మండ్, ఎడ్విన్, ఎడ్గర్, ఎడిత్ పేర్లలోనూ ఉంది. ఎడ్విన్ లోని రెండో ముక్కకు స్నేహితుడని, ఎడ్మండ్ లోని దానికి రక్షణ అని, ఎడ్గర్ లోని దానికి ఈటె అని, ఎడిత్ లోని దానికి యుద్ధమని అర్థం.

రెండో ముక్క "వెఆర్డ్". కాపలాదారు అనగానే మీ ఆవిడకు గేటు దగ్గర కుర్చీ వేసుకున్న మనిషి గుర్తొచ్చి ఉంటారు. ఈ మాటకు వెనకటి గౌరవం వేరు. ఇంగ్లీషులో మనకు దొరికిన అత్యంత పాత పద్యాల్లో ఒకటి, విట్బీ మఠంలో ఉన్న కాడ్‌మన్ 7వ శతాబ్దంలో పాడిన స్తుతి. అందులో దేవుణ్ణి "పరలోక రాజ్యపు వెఆర్డ్" అని పిలిచాడు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో రాజును "నిధికి వెఆర్డ్" అంటారు. నిధి దగ్గర పడుకున్న డ్రాగన్‌ని కూడా అదే మాటతో పిలుస్తారు! ఆ కాలంలో రాజంటే దోచుకొచ్చిన బంగారాన్ని దాచి, తన మనుషులకు సమయానికి పంచిపెట్టేవాడు. కాపాడటం పాలకుడి పని. ఇంగ్లీషులో ప్రభువుకు వాడే లార్డ్ అనే మాట పుట్టుక కూడా ఇదే. అది మొదట్లో "హ్లాఫ్-వెఆర్డ్", అంటే రొట్టెను కాపాడేవాడు, ఇంటిల్లిపాదికీ తిండి చూసేవాడు. నలిగి నలిగి లార్డ్ అయింది. రొట్టెకు కాపలా ఉన్నవాడు ప్రభువైనప్పుడు, సౌభాగ్యానికి కాపలా ఉన్నవాణ్ణి తక్కువగా చూడటమెందుకు?

ఈ ధాతువు మనకు రోజూ ఎదురయ్యేదే. హాస్టల్ వార్డెన్, ఆస్పత్రి వార్డు, వార్డు సచివాలయం, రైల్వే గార్డు అన్నిటి మూలం ఒకటే. జర్మన్ తెగల నోట ఉన్న ఈ మాటను ఫ్రెంచివాళ్లు అరువు తెచ్చుకున్నారు. పారిస్ వైపు ఫ్రెంచిలో మొదటి "వ" కాస్తా "గ" అయిపోయింది, నార్మన్ల యాసలో "వ" గానే మిగిలింది. రెండు రూపాలూ ఇంగ్లీషులోకి వచ్చిపడ్డాయి. అందుకే వార్డెన్ ఉన్నాడు, గార్డియన్ ఉన్నాడు. మాట వేరే అయినా వారంటీ, గ్యారంటీల జంట కూడా ఇలాగే వచ్చింది.

ఇంతా చెప్పాక ఒక హెచ్చరిక. ఆంగ్లో-శాక్సన్లు పేరును ఒక వాక్యంలా ఆలోచించి పెట్టేవారు కాదు. వాళ్ల దగ్గర కొన్ని మంచి ముక్కలుండేవి: సౌభాగ్యం, తోడేలు, రాయి, సలహా, కీర్తి, ఈటె, శాంతి లాంటివి. ఇంట్లోవాళ్ల పేర్లలోంచి ఒక ముక్క, మరోచోట నుంచి ఇంకో ముక్క తీసుకుని కలిపేవారు. వూస్టర్ బిషప్పు వుల్ఫ్‌స్టన్ దీనికి మంచి ఉదాహరణ. ఆయన 1095లో చనిపోయారు. తండ్రి పేరు ఏథెల్‌స్టన్, తల్లి పేరు వుల్ఫ్‌గిఫు. అమ్మ పేరులోంచి ముందు ముక్క, నాన్న పేరులోంచి వెనక ముక్క తీసి బిడ్డకు వుల్ఫ్‌స్టన్ అని పెట్టారు. ముక్కల్ని విడదీస్తే తోడేలు, రాయి. బిడ్డను తోడేలు రాయి అని ఎవరూ అనుకోలేదు, ఇద్దరి పేరూ బిడ్డలో ఉండాలనుకున్నారు. ఈ పద్ధతి మనకూ కొత్తేం కాదు, అమ్మానాన్నల పేర్లలోంచి చెరో అక్షరం తీసి పిల్లల పేర్లు కూర్చేవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది ఉన్నారు.

దక్షిణ ఇంగ్లండులోని వెసెక్స్ రాజవంశంలో ఈ "ఎఆడ్" ముక్క వంశానికి గుర్తులా తరతరాలకూ నడిచింది. ఆల్ఫ్రెడ్ రాజు కొడుకు ఎడ్వర్డ్, 899 నుంచి 924 దాకా ఏలాడు. ఆయన కొడుకుల్లో ఎడ్మండ్, ఎడ్రెడ్ ఉన్నారు. ఎడ్మండ్ కొడుకులు ఎడ్విగ్, ఎడ్గర్. ఎడ్గర్ పెద్ద కొడుకు మళ్లీ ఎడ్వర్డ్. ఈ కుర్రాడు ఇంకా ఇరవై ఏళ్లయినా నిండకుండానే 978లో కార్ఫ్ దగ్గర హత్యకు గురయ్యాడు, జనం ఆయన్ని అమరవీరుడిగా, పునీతుడిగా కొలిచారు. ఆయన సవతి తమ్ముడి కొడుకే మూడో ఎడ్వర్డ్, 1042లో రాజైన ఎడ్వర్డ్ ద కన్ఫెసర్. కన్ఫెసర్ అన్నారని పాపసంకీర్తనం వినే గురువు అనుకోకండి. ప్రాణాలర్పించకుండా, బతుకంతా విశ్వాసానికి సాక్షిగా నిలిచిన పునీతుణ్ణి అప్పట్లో అలా పిలిచేవారు.

ఈ కన్ఫెసర్ గారి వెండి నాణేల మీద పేరు చూస్తే కొత్తవాళ్లు "ఎడ్‌పార్డ్" అని చదువుతారు. పాత ఇంగ్లీషులో "వ" శబ్దానికి వాడిన అక్షరం ఇప్పటి "పి" అక్షరంలా ఉంటుంది మరి. ఆ అక్షరాన్ని నార్మన్లు వచ్చాక మెల్లగా వదిలేశారు.

అసలు ఈ పేరు కథలో నన్ను కట్టిపడేసేది 1066 తర్వాతి భాగం. నార్మన్ల విజయం తర్వాత రెండు మూడు తరాల్లోనే ఇంగ్లండులో పేర్లన్నీ మారిపోయాయి. పాత పేర్లు పల్లెటూరివాళ్ల పేర్లయిపోయాయి, పైకి రావాలనుకున్నవాళ్లు తమ పిల్లలకు విలియం, రాబర్ట్ అని పెట్టుకున్నారు. మొదటి హెన్రీ రాజు 1100లో పాత ఇంగ్లీషు రాజవంశపు రక్తం ఉన్న ఎడిత్‌ను పెళ్లి చేసుకుంటే, ఆమె పేరు మార్చుకుని మటిల్డా కావాల్సి వచ్చింది. అయినా ఆస్థానంలోని నార్మన్ ప్రభువులు ఊరుకోలేదు. రాజదంపతుల్ని వెనకనుంచి గాడ్రిక్, గాడ్గిఫు అని వెక్కిరించేవారు. అవి అచ్చమైన ఇంగ్లీషు పేర్లు, అదే ఎగతాళి. ఇంగ్లీషు కథల్లో వినిపించే లేడీ గొడైవా పేరుకు అసలు రూపం కూడా ఈ గాడ్గిఫే. సొంత గడ్డమీద సొంత పేరు ఎగతాళి పాలయ్యే స్థితి అది.

మరి ఎడ్వర్డ్ ఎలా బతికింది? కన్ఫెసర్ వల్ల. ఆయన తల్లి ఎమ్మా నార్మన్ ఆడపడుచు. ఆయన తన యవ్వనమంతా నార్మండీలో ప్రవాసంలో గడిపాడు. ఇంగ్లండు సింహాసనం తనకిస్తానని మాట ఇచ్చింది ఈ ఎడ్వర్డే అన్నది 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ నాయకుడు విలియం వాదన. కాబట్టి గెలిచిన నార్మన్లకు కూడా ఆయన్ని గౌరవించక తప్పలేదు. ఆయన కట్టించిన వెస్ట్‌మినిస్టర్ చర్చిని 1065 డిసెంబరు 28న ప్రతిష్ఠించారు. అప్పటికే జబ్బుతో మంచాన పడ్డ ఆయన కొన్ని రోజులకే కన్నుమూశాడు, అక్కడే సమాధి చేశారు. 1161లో పోప్ మూడో అలెగ్జాండర్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. ఇంగ్లండు కాథలిక్ పంచాంగంలో ఆయన పండుగ అక్టోబరు 13.

ఆ తర్వాత వచ్చిన మూడో హెన్రీకి ఈ పునీతుడి మీద ఎనలేని భక్తి. 1239లో కొడుకు పుడితే, అప్పటి రాజకుటుంబంలో ఎవరికీ లేని ఆ పాతకాలపు పేరు ఎడ్వర్డ్ అని పెట్టాడు. 1245లో వెస్ట్‌మినిస్టర్ పాత చర్చిని పడగొట్టి పునీతుడి కోసం కొత్తగా కట్టడం మొదలుపెట్టాడు. తన పడకగది గోడమీద, మంచం తలాపున, కన్ఫెసర్ పట్టాభిషేకం బొమ్మ గీయించుకున్నాడు. ఒక పేరు మళ్లీ ఊపిరి పోసుకోవడానికి ఒక తండ్రి భక్తి సరిపోయింది.

ఆ బిడ్డే మొదటి ఎడ్వర్డ్, 1272లో రాజయ్యాడు. అంతకుముందున్న ముగ్గురు ఎడ్వర్డులను లెక్కలో వేయలేదు. నార్మన్ల తర్వాతి నుంచే అంకెలు మొదలయ్యాయి కాబట్టి ఈయన ఒకటోవాడయ్యాడు. తర్వాత కూడా పేరు తప్పిపోయేదే. మొదటి ఎడ్వర్డుకు వారసుడిగా ఉన్న కొడుకు పేరు అల్ఫాన్సో, తల్లి వైపు, స్పెయిన్‌లోని కాస్టీల్ రాజుల పేరు. ఆ పిల్లవాడు 1284లో పదేళ్ల వయసులో చనిపోయాడు. బతికి ఉంటే ఇంగ్లండుకు అల్ఫాన్సో రాజు ఉండేవాడు. అదే సంవత్సరం పుట్టిన తమ్ముడు ఎడ్వర్డ్ వారసుడయ్యాడు. అలా 1272 నుంచి 1377 వరకు తాత, తండ్రి, మనవడు ముగ్గురూ వరసగా ఎడ్వర్డులే. వందేళ్లపాటు రాజు పేరు ఒక్కటే అయితే ఊరూరా ఆ పేరు వినపడకుండా ఉంటుందా! 1066 తర్వాత ఇంగ్లండును ఏలిన రాజుల్లో పాత ఇంగ్లీషు పేరున్నది ఎడ్వర్డులకు మాత్రమే. ఆల్ఫ్రెడ్, ఎడ్విన్, ఎడ్గర్ లాంటి పేర్లు జనంలో మళ్లీ బాగా వాడుకలోకి రావడానికి 19వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

పేరు అక్కడి నుంచి సముద్రం దాటింది. మూడో ఎడ్వర్డు మనవరాలు ఫిలిప్పా పోర్చుగల్ రాణి అయింది. ఆమె కొడుకు దువార్తె 1433లో అక్కడ రాజయ్యాడు. దువార్తె అంటే ఎడ్వర్డే, పోర్చుగీసు నోట అలా మారింది. స్పానిష్ వాళ్ల ఎడువార్డో, ఫ్రెంచివాళ్ల ఎదువార్, నార్వేవాళ్ల ఎడ్వార్డ్ అన్నీ ఇదే. వేల్స్‌లో మాత్రం ఇయోర్వెర్త్ అనే తమ సొంత పేరును ఎడ్వర్డుకు సమానంగా వాడుకున్నారు. వినడానికి దగ్గరగా ఉన్నా ఆ రెంటికీ చుట్టరికం లేదు.

ఇక మీ బావగారి మాట. ఆయన బాధలో న్యాయముంది. ఈ పేరు మన దేశంలో జనానికి బాగా తెలిసింది ఏడో ఎడ్వర్డు కాలంలో, అంటే 1901 నుంచి 1910 మధ్య. ఆయన బొమ్మ రూపాయి మీద ఉండేది. ముంబైలో 1926లో తెరిచిన కేఈఎం ఆస్పత్రి పేరులో ఉన్నది ఆయనే, మన సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రికి కూడా ఒకప్పుడు కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ అనే పేరుండేది. తర్వాత ఎనిమిదో ఎడ్వర్డు అయిన యువరాజు 1921-22లో ఇక్కడికి వస్తే కాంగ్రెస్ ఆ పర్యటనను బహిష్కరించింది. ఆ రోజులు చూసినవాళ్లకు ఈ పేరు దొరతనంలాగే వినిపించి ఉంటుంది. వెనక్కి వెళ్తే, మొదటి ఎడ్వర్డు వేల్స్‌ను జయించాడు, 1290లో యూదులందరినీ ఇంగ్లండు నుంచి వెళ్లగొట్టాడు. ఇవేవీ దాచాల్సినవి కావు.

ఆ ఇద్దరు చక్రవర్తుల ఇళ్లలో మాత్రం వాళ్లనెవరూ ఎడ్వర్డ్ అని పిలవలేదు. ఏడో ఎడ్వర్డుకు పెట్టిన పేరు ఆల్బర్ట్ ఎడ్వర్డ్, ఇంట్లో బర్టీ. తండ్రి పేరు ఆల్బర్ట్ ఆయన ఒక్కడికే మిగలాలని చెప్పి, గద్దెనెక్కేటప్పుడు రెండో పేరు తీసుకున్నాడు. ఎనిమిదో ఎడ్వర్డును ఇంట్లో డేవిడ్ అనేవారు.

నేనైతే మీ బావగారితో ఇలా అంటాను. ఈ పేరు ఆ చక్రవర్తులతో పుట్టలేదు. పరాయి పాలకుల కింద జనం తమ పేర్లు చెప్పుకోవడానికే సిగ్గుపడ్డ రోజుల్ని దాటి మిగిలిన పేరిది. పైగా మీ ఇంట్లో ఇది ఇప్పటికే మూడు తరాల నాటి పేరు. మీ బాబు విషయంలో ఈ పేరుకు మొట్టమొదటి అర్థం మీ తాతగారే. తాతల పేర్లు మనవళ్లకు పెట్టుకోవడం మన పద్ధతే కదా. నన్నడిగితే నిస్సంకోచంగా పెట్టండి.

పెట్టేటప్పుడు చూసుకోవలసినవి రెండు. మీరు ఉంటున్నది ఇంగ్లండులో అన్నారు. అక్కడ స్కూల్లో చేరిన వారంలోనే వాడు ఎడ్, ఎడ్డీ, టెడ్, టెడ్డీలలో ఏదో ఒకటి అయిపోతాడు. నెడ్ కూడా దీని ముద్దుపేరే. మధ్యయుగాల చివరి ఇంగ్లీషులో అచ్చుల ముందు "నా" అనడానికి "మైన్" అనేవారు. "మైన్ ఎడ్" అని ముద్దుగా పిలుస్తూ పిలుస్తూ, "న" అటు జరిగి "మై నెడ్" అయింది. ఎలెన్ నుంచి నెల్, ఆన్ నుంచి నాన్ వచ్చింది కూడా అలాగే. ఈ మధ్య అక్కడ చాలామంది టెడ్డీ అనే ముద్దుపేరునే జనన రిజిస్టరులో రాయిస్తున్నారు. మీరు ఆ పని చేయకండి. టెడ్ అనేది థియోడర్‌కూ, నెడ్ అనేది ఎడ్మండ్‌కూ ముద్దుపేరవుతుంది కాబట్టి మీ తాతగారి పేరు కాగితం మీద కనబడకుండా పోతుంది. ఎడ్వర్డ్ అని పూర్తిగా రాయించి, ఇంట్లో మీకు నచ్చినట్టు పిలుచుకోండి.

రెండోది స్పెల్లింగు. ఇదంతా చదివాక పాత స్పెల్లింగులో పెడితే ఎలా ఉంటుందని మీకు అనిపించవచ్చు. పరిగెత్తే గుర్రం కాళ్లను 1878లో వరస ఫొటోలుగా తీసి పేరు తెచ్చుకున్న మైబ్రిడ్జ్ ఆ పని చేశాడు. పుట్టినప్పుడు ఆయన మామూలు ఎడ్వర్డే. సొంత ఊరు కింగ్‌స్టన్‌లో పాత రాజుల పేర్లు చెక్కిన పట్టాభిషేకపు రాయి ఉంది. పెద్దయ్యాక దాని మీద ఉన్నట్టే తన పేరు స్పెల్లింగు మార్చుకున్నాడు. ఆయనకు చెల్లింది. మీ వాడు మాత్రం స్కూలు, బ్యాంకు, పాస్‌పోర్టు అంటూ ఎక్కడికి వెళ్లినా అక్షరాలు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పుకోవాల్సి వస్తుంది. మీ తాతగారి బాప్తిస్మ సర్టిఫికెట్ ఇంట్లో ఉంటే అందులో ఉన్న స్పెల్లింగే వాడండి. లేకపోతే అందరూ రాసే ఆరక్షరాల స్పెల్లింగు చాలు.